ఆ మేలు పక్షికి చేరిందా?



మనకు జంతుశాస్త్రం చెప్పిన మాస్టారి జీవితం గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను ఆయన వేసే ప్రశ్నల గురించే మాట్లాడతాను. సెలవులకు ఊరెళ్లొచ్చిన కుర్రాడెవరైనా "సార్, ఈసారి మా చెరువులో కొంగలు బాగా పెరిగాయండీ" అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. వెంటనే అడిగేవారు: "పోయినేడు ఎన్నున్నాయి? ఎవరు లెక్కపెట్టారు? పక్కూరి చెరువులో ఎట్లా ఉంది?" మొదటి ప్రశ్నకు కొందరు జవాబు చెప్పగలిగేవాళ్లు. మూడోదాని దగ్గర అందరూ ఆగిపోయేవాళ్లు. పక్షి సంరక్షణ శాస్త్రం గత ఇరవై ఏళ్లుగా ఎటు నడుస్తోందని నన్నడిగితే, ఆ మూడో ప్రశ్న వైపే నడుస్తోందంటాను.

పక్షుల మీద ప్రేమకు మన దగ్గర కొరత లేదు. గోదావరి జిల్లాల్లో వరి కోతలయ్యాక కంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు, గుడి మండపానికి వేలాడదీసే అలవాటు ఇంకా ఉంది. శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో, రాయలసీమలో వీరాపురంలో ఊరి చెట్ల మీద పెద్ద పెద్ద కొంగలు గూళ్లు కట్టుకుంటే, ఆ రెట్టల వాసనను, పిల్లల అరుపులను ఊరంతా నెలల తరబడి ఓర్చుకుంటుంది. అది చిన్న విషయం కాదు. అయితే ప్రేమ ఉండటం వేరు, ఆ ప్రేమతో చేసిన పని పక్షికి అక్కరకు రావడం వేరు. అభయారణ్యం ప్రకటించాం, కంచె వేశాం, గూడుపెట్టెలు పంచాం, బోర్డులు పెట్టాం అంటాం. ఇవన్నీ మనం చేసిన పనుల లెక్క. వాటివల్ల ఎన్ని పక్షులు బతికాయి, ఎన్ని పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి అన్నది ఇంకో లెక్క. మన నివేదికల్లో మొదటిది పేజీలకు పేజీలు ఉంటుంది. రెండోదాని కోసం వెతుక్కోవాలి.

ఈ లోటు మనకొక్కరికే కాదు. విలియం సదర్లాండ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, ఆయన సహచరులు తూర్పు ఇంగ్లండ్‌లో బ్రాడ్స్ అనే చిత్తడి నేలలను చూసుకునే ఉద్యోగులను కూర్చోబెట్టి ఒకటే అడిగారు: మీరు చేసే ఈ పని ఫలిస్తుందని మీకు ఎలా తెలుసు? 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆధారాల్లో 77 శాతం అనుభవం, ఆనవాయితీ, తోటివాళ్ల మాట. పరీక్షించి చూసిన శాస్త్ర పరిశోధన 2 శాతం. అక్కడ తీతువు జాతి పక్షుల కోసం చలికాలంలో గడ్డినేలలను నీటితో ముంచెత్తే పద్ధతి ఉండేది. చూడటానికి బాగానే ఉంటుంది, నీళ్లు నిలిస్తే పక్షులు వాలతాయి. మట్టిని తవ్వి చూస్తే తేలిందేమిటంటే, నెలల తరబడి నీరు నిలిచిన చోట వానపాములూ పురుగులూ నశిస్తున్నాయి. వసంతంలో అదే పక్షి గుడ్లు పెట్టేవేళకు తిండి ఉండటం లేదు. ఎన్నో ఏళ్లుగా మంచి మనసుతో చేస్తున్న పని అది.

వైద్యంలో ఒక మందు పనిచేస్తుందా లేదా అన్నది ఒక డాక్టరు నమ్మకం మీద వదిలేయకుండా, జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి చూసే పద్ధతి అప్పటికే స్థిరపడింది. సదర్లాండ్ దాన్ని సంరక్షణలోకి తెచ్చారు. ఆ కృషిలోంచి 2013లో పక్షుల మీద ఒక పెద్ద గ్రంథం వచ్చింది. పక్షుల కోసం మనుషులు చేసే పనులు 400కు పైగా అందులో ఉన్నాయి. ఒక్కో పని కింద, దాన్ని ఎక్కడ ఎవరు పరీక్షించారు, ఏం తేలింది, ఎక్కడ విఫలమైంది అన్నది ఉంటుంది. కొన్ని పనుల కింద ఒక్క పరిశోధన కూడా ఉండదు. నాకు ఆ గ్రంథంలో అన్నిటికంటే విలువైనవి ఆ ఖాళీలే. ప్రపంచమంతా చేస్తున్న పనిని ఎవరూ పరీక్షించలేదని తెలియడం కూడా జ్ఞానమే.

ఇక మాస్టారి మూడో ప్రశ్న. జ్వరం తగ్గినప్పుడల్లా మన మందే తగ్గించిందనుకోలేం, చాలా జ్వరాలు మూడు రోజులకు వాటంతటవే తగ్గుతాయి. పక్షుల సంఖ్యా అంతే. మనం చెరువుకు కంచె వేసిన ఏడే వానలు బాగా కురిసి ఉండొచ్చు. పక్క జిల్లాలో చెరువు ఎండి అక్కడి పక్షులు ఇక్కడికి వచ్చి ఉండొచ్చు. అందుకే పని చేసిన చోటును, ముందూ వెనకా చూడాలి. పని చేయని అలాంటి చోటును కూడా, అవే సంవత్సరాల్లో చూడాలి. ఈ నాలుగు లెక్కలూ ఉంటేనే, ఆ పని జరగకపోయుంటే ఏమయ్యేదో అంచనా వేయగలం.

2022లో నేచర్ పత్రికలో హనా వాచోప్ బృందం ఈ పద్ధతినే ప్రపంచ స్థాయిలో నడిపి చూసింది. 1,506 రక్షిత ప్రాంతాలు, 27 వేలకు పైగా నీటిపక్షుల సమూహాలు. రక్షిత ప్రాంతమని ప్రకటించగానే పక్షులకు మేలు జరిగిందా? కొన్నిచోట్ల జరిగింది, కొన్నిచోట్ల కీడు జరిగింది, చాలాచోట్ల తేడాయే లేదు. అయితే నీటిపక్షుల అవసరాలు చూసి, నీటిమట్టం, మొక్కలు, వేట వంటివాటిని అదుపులో పెట్టి నడిపిన చోట్ల మేలు జరిగే అవకాశం ఎక్కువగా కనిపించింది. అంటే గెజిట్‌లో నోటిఫికేషన్ రావడం సగం పని కూడా కాదు. ఆ తర్వాత ఏటేటా అక్కడ చేయాల్సిన పనే అసలు పని.

నెదర్లాండ్స్ అనుభవం ఇంకా కరుకుగా ఉంది. పొలాల్లో పక్షుల కోసం గడ్డి కోత ఆలస్యం చేసినందుకు రైతులకు 1980ల నుంచి ప్రభుత్వం డబ్బు చెల్లించింది. 2001లో డేవిడ్ క్లైన్ బృందం ఒప్పందం చేసుకున్న పొలాలనూ, వాటికి జోడీగా ఒప్పందం లేని పొలాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒప్పందం ఉన్న పొలాల్లో పక్షులు ఎక్కువ లేవు, కొన్ని జాతులైతే కాస్త తక్కువే ఉన్నాయి. ఆ ఫలితాన్ని దాచలేదు, అచ్చువేశారు. ఆ తర్వాత యూరప్‌లో ఇలాంటి పథకాలకు పరీక్ష పెట్టడం పెరిగింది, కొన్ని పథకాలు మారాయి, మారినవాటిలో కొన్ని ఫలించాయి.

మన దేశానికి వస్తాను. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ గురించి ఈ సభలో చాలామందికి తెలుసు. 1982లో దాన్ని జాతీయ పార్కుగా చేసి గేదెల మేతను పూర్తిగా నిషేధించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. గేదెలు పోతే గడ్డి పెరుగుతుంది, పక్షులకు ప్రశాంతత దొరుకుతుంది అన్నది ఆనాటి అందరి అభిప్రాయం. సాలిం అలీ వంటివారు కూడా అలాగే తలచారు. అయితే అదే సమయంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆ చిత్తడి నేల మీద పదేళ్ల అధ్యయనం నడిపిస్తోంది. వి.ఎస్. విజయన్ నాయకత్వంలో ఆ శాస్త్రవేత్తలు ఏటేటా నీటినీ, మొక్కలనూ, చేపలనూ, పక్షులనూ కొలిచారు. గేదెలు తినడం మానేసేసరికి పాస్పలం అనే నీటిగడ్డి అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుంది. తెరిపి నీళ్లు మూసుకుపోయాయి. బాతులకు ఈదే చోటు తగ్గింది, అడుగున దుంపలు తవ్వుకు తినే సైబీరియా కొంగలకు ఆ దుంపలు అందడం కష్టమైంది. 1991 నాటి నివేదిక ఈ మాట సూటిగా చెప్పింది: గేదెలు ఆ చిత్తడి నేలకు శత్రువులు కావు, దాని నడకలో ఒక భాగం. సైబీరియా కొంగలు భరత్‌పూర్‌కు రావడం 2002తో ఆగిపోయింది. దారిలోని దేశాల్లో వేట అందుకు పెద్ద కారణం, గడ్డి ఒక్కటే కాదు. ఏమైనా, గేదెలను తరిమినందువల్ల ఆ కొంగకు ఒరిగిందేమీ లేదు. ప్రాణాలు పోయిన ఊళ్లకు మాత్రం జరిగింది మరపు రాదు. ఆ పరీక్ష నిషేధానికి ముందే జరిగి ఉంటే అన్న బాధ నన్ను వదలదు.

మన కడప అడవుల్లోనూ ఇలాంటి పాఠమే ఉంది. కలివికోడిని 1848లో జెర్డాన్ మొదటిసారి లోకానికి చూపించాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు పట్టుకున్నాడు, భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. రాత్రుళ్లు తిరిగే పక్షి అది. ముళ్లపొదల మధ్య నేల రంగులో కలిసిపోయి నిలబడుతుంది. కళ్లతో వెతికితే దొరకదు. జగన్నాథన్ అనే పరిశోధకుడు ఇంకో దారి పట్టారు. పొదల మధ్య నేలను శుభ్రం చేసి, సన్నని మట్టిని జల్లెడ పట్టి పట్టీలుగా పరిచారు. తెల్లవారాక వెళ్లి ఆ పట్టీల మీద అడుగుజాడలు చూడాలి. కలివికోడి కాలికి మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. కొలిచి, గీసుకుని, పక్కన కెమెరా పెట్టి, అది కలివికోడి అడుగేనని రుజువు చేసుకున్నారు. పొద్దు గూకాక అది వేసే కూతను కూడా రికార్డు చేశారు. ఇలా ఎన్నో చోట్ల నుంచి జాడలు పోగుచేసి, అది ఉన్న చోటుకూ లేని చోటుకూ పొదల లెక్క తీశారు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు ఉన్న చోట అది ఎక్కువగా ఉంటుంది. మరీ చిక్కని అడవి దానికి పనికిరాదు, బోడినేల అసలే పనికిరాదు.

ఈ ఒక్క కొలత వల్ల అటవీ శాఖ ఆలోచనే మారాలి. మేకలను, కట్టెలు కొట్టేవాళ్లను పూర్తిగా ఆపితే పొదలు చిక్కబడతాయి, హద్దు లేకుండా వదిలేస్తే నేల బోడి అవుతుంది. రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఆ పక్షి బతుకు ఉంది, ఆ చోటును పొదలు లెక్కపెట్టే మనిషే చూపించగలడు. తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి ఉండే పొదల మీదకు వచ్చినప్పుడు కాలువ దారి మార్చగలిగారంటే, అది ఎక్కడ ఉందో చెప్పే ఈ జాడల పటం చేతిలో ఉండబట్టే.

రాబందుల కథకు నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. కారణం వెతికిన తీరు, మందు మార్చిన తీరు, ఆ మార్పు పనిచేసిందో లేదో మళ్లీ కొలిచిన తీరు మూడూ పూర్తిగా కనిపించే ఉదాహరణ ప్రపంచంలోనే అరుదు.

1990ల చివర భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ రాబందులు చెట్ల మీద మెడలు వేలాడేసి కూర్చోవడం, కొన్నాళ్లకు కిందపడి చనిపోవడం గమనించారు. ఏటా గూళ్లు లెక్కపెట్టిన పుస్తకం ఆయన దగ్గర ఉంది కాబట్టి ఆ తగ్గుదల కాకిలెక్క కాదని నిలబెట్టగలిగారు. పదిహేనేళ్లు తిరక్కుండానే తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. వైరస్ అన్నారు, పురుగుమందులు అన్నారు, తిండి కరువు అన్నారు. ప్రతి ఊహకూ ఒక పరిష్కారం సిద్ధంగా ఉంది. వాటిలో దేన్ని నమ్మి పనిలోకి దిగినా ఏళ్లూ డబ్బూ పోయేవి, రాబందులు మిగిలేవి కావు.

పాకిస్తాన్ పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ బృందం చనిపోయిన రాబందులను కోసి చూసింది. కాలేయం, గుండె, మూత్రపిండాల మీద తెల్లని సున్నపు పూత లాంటిది పేరుకుని ఉంది. మూత్రపిండాలు పాడై యూరిక్ ఆమ్లం బయటకు పోలేక లోపలే గడ్డకట్టింది. అలా చనిపోయిన 25 రాబందులను పరీక్షిస్తే ఇరవై ఐదింటిలోనూ డైక్లోఫెనాక్ దొరికింది. వేరే కారణాలతో చనిపోయిన పదమూడింటిలో ఒక్కదానిలో కూడా లేదు. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి ఇచ్చే చవక మందు అది. మందు ఇచ్చాక త్వరగా చనిపోయిన ఆవునో ఎద్దునో తిన్న రాబందు మరి కొద్ది రోజులే బతికేది. ఆ తర్వాత కట్టిన లెక్క అందరినీ నిర్ఘాంతపరిచింది. నూటికి ఒక్క కళేబరంలో కూడా ప్రాణాంతకమైన మోతాదు ఉండనక్కర్లేదు, అంతకంటే తక్కువే ఈ జాతిని తుడిచిపెట్టడానికి చాలు. గుంపుగా తినే పక్షి కదా, ఒక కళేబరం చుట్టూ వందలు వాలతాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి పోయినవాటిని పూడ్చుకోలేదు.

ఇక్కడ ఇంకో ప్రశ్న వచ్చింది. డైక్లోఫెనాక్ మానేసి ఏమివ్వాలి? రైతు ఎద్దు నొప్పితో ఉంటే చూస్తూ ఊరుకోమనలేం. మెలాక్సికామ్ అనే మందును రాబందులకు పెట్టి పరీక్షించారు, హాని లేదని తేలింది. అంతరించిపోతున్న పక్షికి తెలియని మందు పెట్టడం చిన్న సాహసం కాదు. అందుకే ముందు ఆఫ్రికాలో దాని దగ్గరి జాతి మీద చూసి, తర్వాతే మన జాతుల మీద చూశారు. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించాయి. అక్కడితో చేతులు దులుపుకోలేదు. దేశమంతా పశువుల కళేబరాల నుంచి కాలేయపు ముక్కలు సేకరించి పరీక్షించారు. నిషేధానికి ముందు దాదాపు పదింట ఒకదానిలో మందు అవశేషాలు ఉండేవి, 2007–08కి అది 6.5 శాతానికి దిగింది. నిషేధం పనిచేస్తోంది, పూర్తిగా కాదు. ఎందుకు కాదో వెతికితే, మనుషులకు అమ్మే పెద్ద సీసాలను కొని పశువులకు పొడుస్తున్నారని తెలిసింది. 2015లో మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకు పరిమితం చేశారు. ఆ చోటును ఆక్రమించిన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లు కూడా హానికరమని తేలాక 2023లో పశువులకు వాటినీ నిషేధించారు.

ఈలోగా కొందరు రాబందులకు మందులేని మాంసం పెట్టే ఏర్పాట్లు చేశారు. పాకిస్తాన్‌లో కొలిచి చూస్తే, మాంసం పెట్టినన్నాళ్లు చావులు గణనీయంగా తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. ఆకాశంలో వందల కిలోమీటర్లు తిరిగే పక్షి మనం పెట్టిన చోటే తింటుందన్న భరోసా లేదు. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించినప్పుడు మనందరం సంబరపడ్డాం. ఆ గుట్టను కాపాడటం మంచిదే. కానీ ఆ గూట్లో పిల్ల బతుకు గుట్ట మీద లేదు. చుట్టూ ఎంతో దూరంలోని పశువైద్యుల చేతిలో, మందుల దుకాణాల అరల్లో ఉంది.

ముందూ వెనకా, పక్కచోటూ పోల్చే ఆ పద్ధతితోనే రాబందుల మీద ఇంకో లెక్క వచ్చింది. 2024లో ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు రాబందులు బాగా ఉండే జిల్లాలనూ, ఎప్పుడూ పెద్దగా లేని జిల్లాలనూ, డైక్లోఫెనాక్ రాకముందూ వచ్చాకా పోల్చి చూశారు. కళేబరాలు కుళ్లి, నీరు చెడి, కుక్కలు పెరిగి, రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాలు 4 శాతానికి పైగా పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు ఏడాదికి దాదాపు లక్ష అదనపు మరణాలు. పక్కూరి చెరువును చూడటం అంటే ఇదే. ఆ పోలిక లేకపోతే ఆ లక్ష మందీ ఏ లెక్కలోనూ కనిపించరు.

బట్టమేక పక్షి దగ్గరకు వద్దాం. నంద్యాల జిల్లా రోళ్లపాడును 1988లో దానికోసమే అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. కంచె వేశారు, మేత ఆపారు, గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. బట్టమేకలు తగ్గిపోయాయి, ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనిపించక ఏళ్లు గడిచాయి. అది కంచె లోపల ఉండిపోయే పక్షి కాదు. చుట్టుపక్కల జొన్నచేలల్లో, బీళ్లలో తిరిగి మిడతలు ఏరుకు తినే పక్షి. ఆ చేలు సాగునీటి పంటలుగా మారుతుంటే లోపల గడ్డిని ఎంత కాపాడినా సరిపోలేదు.

ఇప్పుడు దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150 కూడా లేవు, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో. అక్కడ విద్యుత్ తీగలు వాటి పాలిట మృత్యువు. 4,200 చదరపు కిలోమీటర్ల థార్ ప్రాంతంలో తీగలకు తగిలి ఏటా అన్ని జాతులవీ కలిపి 84 వేల పక్షులు చనిపోతున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ అంచనా వేసింది. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూమిలో వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. భూమిలో వేయడానికి ఖర్చు ఎక్కువ కాబట్టి, తీగలకు మెరిసే బిళ్లలు వేలాడదీస్తే చాలదా అన్న వాదన గట్టిగా వినిపిస్తుంది.

దీనికి జవాబు వాదనతో తేలదు. దక్షిణాఫ్రికాలోని కరూ మైదానంలో తేలింది. జెస్ షా బృందం కొన్ని తీగలకు గుర్తులు కట్టి, కొన్నిటిని అలాగే వదిలేసి, ఏళ్లపాటు తీగల కింద పడిన పక్షులను లెక్కపెట్టింది. 2021లో వచ్చిన ఫలితం: పెద్ద పక్షుల చావులు మొత్తం మీద దాదాపు సగానికి తగ్గాయి. బ్లూ క్రేన్ కొంగల చావులు 92 శాతం తగ్గాయి. బట్టమేక జాతి పక్షులకు మాత్రం ఏమీ తగ్గలేదు. ఈ పక్షి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎగురుతూ నేలను చూడటానికి తల కొంచెం వంచిందంటే ఎదురుగా ఉన్నది దానికి కనబడదు. కనబడని చోట ఎంత మెరిసే బిళ్ల పెట్టినా ఏం ప్రయోజనం? ఆ బిళ్లలు కొంగలకు మంచివే, నేను కాదనను. బట్టమేక పేరు చెప్పి వాటిని కట్టి, పని అయిపోయిందనుకోవడమే నేను భరించలేను. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెట్టే జాతి అది. మన తప్పుడు నమ్మకాన్ని సరిదిద్దుకునేదాకా ఆగేటన్ని పక్షులు మిగల్లేదు.

ఇంతవరకూ విన్నవాళ్లకు అన్నీ విఫలమైనవే చెబుతున్నాననిపించవచ్చు. అలా కాదు. నమీబియా తీరంలో వేల గాలాలు వేసే పడవల వెనక, ఎరకోసం దూకి గాలానికి చిక్కి మునిగిపోయే సముద్రపక్షులు ఏటా 20 వేలకు పైగా ఉండేవి. గాలాల తాడు మీదుగా రంగుల పట్టీలు ఎగిరేటట్టు కట్టించారు, తాళ్లకు బరువు పెంచారు. చావులు 98 శాతం తగ్గాయి. సౌత్ జార్జియా దీవిలో ఎలుకలను పూర్తిగా నిర్మూలించాక, 2018 నాటికి ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని పిపిట్ పిట్టలు ఎలుకలు పోయిన చోట్లకు తిరిగొచ్చాయి. నాగాలాండ్‌లో 2012లో డోయాంగ్ జలాశయం దగ్గర అముర్ డేగలను వలలు వేసి లక్షకు పైగా చంపారు. ఊళ్ల పెద్దలు, చర్చిలు, ప్రభుత్వం కలిసి కూర్చున్నాయి, మరుసటి ఏడాది వేట ఆగింది. ఇలాంటి చోట పరీక్ష కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. వల తీస్తే పక్షి బతుకుతుంది, అంతే. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 665 సందర్భాలను పరిశీలించింది. సంరక్షణ చర్య తీసుకున్న చోట మూడింట రెండు వంతుల్లో పరిస్థితి మెరుగైంది, లేదా దిగజారడం నెమ్మదించింది. 1993 నుంచి మనుషుల ప్రయత్నం వల్లే అంతరించకుండా మిగిలిన పక్షి జాతులు 21 నుంచి 32 దాకా ఉంటాయని ఇంకో అధ్యయనం తేల్చింది. సంరక్షణ పనిచేస్తుంది. ఏది పనిచేస్తుందో తెలుసుకుని చేసినప్పుడు ఇంకా బాగా పనిచేస్తుంది.

పిచ్చుకల గురించి ప్రతి మార్చిలో నన్నెవరో ఒకరు అడుగుతారు. గూడుపెట్టె పెట్టమంటారా అని. పెట్టండి, గూటికి చోటు లేని అపార్ట్‌మెంట్ గోడకు అది ఉపకారమే. కానీ లండన్‌లో విల్ పీచ్ బృందం చూసిన సంగతి కూడా చెబుతాను. పిల్లలున్న కాలంలో కొన్ని పిచ్చుకల గుంపులకు పురుగులు పెట్టారు, కొన్నిటికి పెట్టలేదు. పెట్టిన చోట ఎక్కువ పిల్లలు బతికాయి. అంటే నగరంలో పిచ్చుకకు కరువైనది పిల్లకు పెట్టే పురుగు. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, గూట్లో పిల్ల పురుగు తింటుంది. అయినా గుంపుల సంఖ్య మొత్తం మీద పెరగలేదు, వేరే అడ్డంకులేవో ఉన్నాయి. మందు కొట్టని పెరడు, కొంచెం మట్టి, నాలుగు దేశవాళీ పొదలు కూడా పెట్టెతో పాటు కావాలని నేననేది అందుకే.

చివరగా మన చెరువుల మాట. కొల్లేరులో గూడబాతుల చరిత్ర పెద్దది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో చూసిన గూడబాతుల కాలనీ దేశంలోనే పేరుపడింది, తర్వాత మూడు దశాబ్దాలకే ఖాళీ అయిపోయింది. 1999లో కొల్లేరు ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అయింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇప్పుడు ఆటపాకలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెట్లు చాలని చోట ఇనుప స్టాండ్లు వేశారు, వాటి మీద గూళ్లు నిండాయి. చూసి సంతోషించాను. మాస్టారుంటే ఏం అడిగేవారో నాకు తెలుసు. ఆ స్టాండ్లు లేకపోతే ఆ గూడబాతులు చుట్టుపక్కల చెట్ల మీదే గూళ్లు కట్టేవా? వచ్చింది స్టాండ్ల వల్లా, చేపల చెరువుల్లో తిండి వల్లా? స్టాండ్ మీద పిల్లలు చెట్టు మీద పిల్లలంత బతుకుతున్నాయా, ఎండకు తట్టుకుంటున్నాయా?

ఇది తేల్చడానికి విదేశీ సంస్థ రానక్కర్లేదు. పక్షులు వచ్చే పది చెరువులు ఎంచుకుందాం. చీటీలు తీసి ఐదింటిలో స్టాండ్లు వేద్దాం, ఐదింటిని ఉన్నట్టే ఉంచుదాం. ఏ చెరువులో వేయాలన్నది ఎమ్మెల్యే గానీ నేను గానీ నిర్ణయించకూడదు, చీటీయే నిర్ణయించాలి. గూళ్ల కాలమంతా నెలకొకసారి, ఒకే గంటకు, ఒకే గట్టు మీద నుంచి గూళ్లూ, గూళ్లలో పిల్లలూ లెక్కపెట్టాలి. మూడు సీజన్లు చాలు. మన దేశంలో పక్షిప్రేమికులు రాసిపెట్టిన లెక్కల ఆధారంగానే 2023లో 942 జాతుల పరిస్థితిని అంచనా వేయగలిగారు, అందులో 178 జాతులకు తక్షణ శ్రద్ధ అవసరమని తేల్చారు. రాసేది సుమారు 30 వేల మంది మామూలు మనుషులు. ఆ అలవాటు మన కాలేజీ పిల్లలకు ఉంది, దానికి చీటీలూ జోడీ చెరువులూ చేర్చడమే మిగిలింది.

ఫలితం స్టాండ్లకు వ్యతిరేకంగా వచ్చినా అచ్చువేస్తామని ముందే రాసిపెట్టుకోవాలి. మాస్టారి జ్ఞాపక నిధి నుంచి మొదటి ఏడు ఖర్చు పెట్టడానికి ఆయన కుటుంబం ఒప్పుకుంది. అటవీ శాఖ అనుమతికి దరఖాస్తు సిద్ధంగా ఉంది. చెరువుల జాబితా బయట బల్ల మీద పెట్టాను, మీ ఊరి పక్కది ఉంటే దాని ఎదురుగా మీ పేరు రాయండి.